ఎత్తితే సెలవు

ఫోనుకు హాలిడే ఏమిటి, ఫోనేమన్నా తాలూకాఫీసు గుమాస్తానా ఆదివారం ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోవడానికి, అనుకుంటూ ఉండగానే తెర మీద బొమ్మ మారిపోయింది, నీలం గీతలు పోయి పచ్చ గీతలు వచ్చాయి, సర్వే చేయించిన పూర్ణచంద్ర గారి చేతిలోంచి పుట్టిన ఎర్ర చుక్క ఆ గీతల మీద గండుచీమలా పాకుతోంది, గోమతి చివరి వరసలో గోడవారగా కూర్చుని మెడ సాచి చూసింది, ఇక్కడినుంచి ఇంగ్లీషు అక్షరాలు సగమే ఆనుతాయి గానీ హాలిడే అన్న మాటను తప్పు చదివే ప్రసక్తే లేదు, బడిలో నల్లబల్ల మీద ఆ మాట పడిందంటే వెనక బెంచీలో ఉన్న తనకే అందరికంటే ముందు కనిపించేది, మరి గుడియాత్తం వీధుల్లో, పరదరామి చుట్టుపక్కల పల్లెల్లో టేపురికార్డరు భుజాన వేసుకుని నాలుగు నెలలు తిరిగి తాను అడిగిన ప్రశ్నల్లో హాలిడే ఎక్కడుంది, ఇంట్లో ఫోనుందా, ఎవరికి చేస్తారు, నెలకు ఎంత అవుతుంది, ఎక్కువైతే ఎవరు ఎవరిని తిడతారు, ఇంతేగా అడిగింది, పోనీలే, కేసెట్లు హైదరాబాదు పోయాయి, అక్కడ కాలేజీ పిల్లలు విని తెలుగులో రాశారు, ఆ తెలుగును ఇంకెవరో ఇంగ్లీషు చేశారు, అన్ని చేతులు పడ్డ వంటలో ఎవరో ఒకరు చిటికెడు హాలిడే వేసి ఉంటారు, మనకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, అయినా ఈ హోటలు వాళ్ళు ఏసీ గాలంతా ముందు వరసల్లో కోట్లు తొడుక్కున్నవాళ్ళకు పంచిపెట్టి వెనక వరసలకు ఆంబూరు బిరియానీ పొట్లాల వాసన మాత్రమే వదిలారు, ఆ పొట్లాలు ఎప్పుడు విప్పుతారో, పూర్ణచంద్ర గారు మాట్లాడటం మొదలుపెడితే బిరియానీ కూడా చల్లారి నమస్కారం పెట్టవలసిందే.

వేలూరులో ఈ సభ జరగడమే ఒక గౌరవమని ఆయన పొద్దున్నుంచి అంటూనే ఉన్నారు, ఫోను ధరలు తేల్చే మండలివారు ఢిల్లీ వదిలి ఇంత ఎండలో ఇంత దూరం వచ్చి, పేదవాళ్ళు ఫోనుకు ఎంత పెట్టగలరో పేదవాళ్ళు ఉండే చోటే వింటామన్నారట, పేదవాళ్ళలో ఒక్కరినీ పిలవకపోవడం వేరే సంగతి, మధ్య కుర్చీలో మండలి పెద్దాయన, తిరునెల్వేలి వైపు తమిళాయన, నుదుట విభూతి, కళ్ళు మూసుకుని వింటున్నాడో వినకుండా మూసుకున్నాడో ఆ శివుడికే తెలియాలి, ఆయన పక్కన శివప్రకాశం అని సెల్‌ఫోను కంపెనీ మనిషి, మద్రాసు నుంచి వచ్చాడు, ఈ ఎండకు కూడా టై విప్పని మొండిఘటం, అసలు ఈ గొడవంతా అతని కంపెనీ పెట్టిన అర్జీ వల్లే వచ్చింది, జనం ఫోను మోగిస్తారు, అవతలివాడు ఎత్తకముందే ఆపేస్తారు, కబురు చేరిపోతుంది, కంపెనీకి చిల్లిగవ్వ రాదు, కాబట్టి ఇకమీదట ఎత్తని ఫోనుకు కూడా పది పైసలు, మోగితే చాలు పది పైసలు, ఆ మాట మొదటిసారి విన్నరోజు గోమతి నవ్వి, రేపు తుమ్మినందుకు కూడా బిల్లు వేస్తారు అంది, ఆ పది పైసలు పేదవాళ్ళు మోయగలరా లేదా అన్నది తేల్చడానికే పూర్ణచంద్ర గారి పరిశోధన, ఆయన ఈరోజు ఏం చెబితే మండలి దానినే రాసుకుంటుంది, ఇది చక్కగా గట్టెక్కితే నీ ఉద్యోగం ఖాయం తల్లీ, వేలూరు ఆఫీసులోనే పర్మనెంటు, ఇంక నీకు ఢోకా లేదు అని ఆయనే అన్నారు, ఆ మాట పట్టుకునే కదా నందకుమార్ నాట్రంపల్లి పని మానేస్తానన్నది, కల్యాణమంటపం కడుతున్నారు అక్కడ, సెంట్రింగ్ కొట్టే పని, వారానికొక్క రాత్రి ఇంటికొచ్చి తెల్లారకముందే బస్సెక్కే మొగుడు, నీ జీతం నిలబడితే చాలే గోమతీ, నేను ఊర్లోనే చిల్లర పనులు చూసుకుంటా, రోజూ ఇంట్లోనే సంగటి తింటా అన్నాడు, పెళ్ళయి మూడేళ్ళయినా ఆ మనిషితో కలిపి లెక్కవేస్తే ఇంకా కొత్తపెళ్ళికూతురే తను, అందుకని ఇవాళ పూర్ణచంద్ర గారు ఏం చెప్పినా తల ఊపడమే తన పని, హాలిడే అంటే హాలిడే, పండగంటే పండగ.

మిస్డ్ కాల్ వల్ల కంపెనీకి నష్టమట, పెళ్ళిళ్ళు కుదిరే వస్తువు అది, ఈ టై కట్టినవాడికి ఏం తెలుసు, తన పెళ్ళి మాత్రం దేని మీద కుదిరింది, కుదరబోయి తప్పి, తప్పబోయి కుదిరింది, అత్త అంబుజం పెళ్ళిచూపులకొచ్చి, పిల్లను నడిపించి, కూర్చోబెట్టి, అట్లు పోయించి, ఏమీ తేల్చకుండా లేచి, రూపాయి డబ్బా ఫోను నుంచి మోగిస్తా, ఒకసారి మోగితే సరి, రెండుసార్లు మోగితే వద్దు, ఎత్తొద్దు అని చెప్పిపోయింది, గోమతి నాయన జయరామ్ మేస్త్రి అప్పుడే కొత్తగా సెల్‌ఫోను కొన్నాడు, దానిని పీట మీద పెట్టి, చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు, తీరా అది మోగేసరికి సంతోషం పట్టలేక లటుక్కున ఎత్తి అల్లో అన్నాడు, ఎత్తిన మరుక్షణం అవతల డబ్బా రూపాయి మింగేస్తుంది కదా, వియ్యపురాలు వియ్యంకుడితో ఆడిన మొట్టమొదటి మాట ఏమిటంటే, ఏంటికప్పా ఎత్తినావు, నా రూపాయి పోయినాదే, నాయన తడబడి, రూపాయి నేనిస్తా లేమ్మా, పిల్ల నచ్చినాదా లేదా అది చెప్పు అంటే, ఎత్తకుండా ఉండుంటే ఈపాటికి తెలిసుండును కదప్పా అని ఇంకా ఏదో అంటుండగా లైను తెగింది, ఎత్తిన మోత మోత కిందకొస్తుందా రాదా అని ఇంట్లో చర్చ పడింది, పెద్దమామ రాదన్నాడు, చిన్నమామ వస్తుందన్నాడు, అంతలో మళ్ళీ ఒకసారి మోగి ఆగిపోయింది, చచ్చారు, ఇది సరి అనే ఒకటా, వద్దు అనే రెండా, అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, నాయన మోపెడ్డు వేసుకుని అర్ధరాత్రివేళ అంబుజం ఇంటికి పోయి తలుపు కొడితే ఆమె, పిల్ల బంగారం, నీకే బుద్ధి చాలదు, అని తలుపేసుకుంది, అదీ సంబంధం కుదిరిన వైనం.

పూర్ణచంద్ర గారి గొంతు ఉన్నట్టుండి పైకి లేచింది, అసలు విషయానికి వచ్చినప్పుడు ఆయన గొంతు అలాగే లేస్తుంది, మిత్రులారా, మా పరిశోధనలో తేలిన అద్భుతమైన సత్యం ఇది, అంటున్నారు ఇంగ్లీషులో, గోమతికి ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ మెల్లగా మాట్లాడితే బోధపడుతుంది, ఆయన మెల్లగానే మాట్లాడతారు, అద్దంలో చూసుకుంటూ మాట్లాడినట్టు, నిరుపేద కుటుంబాల్లో నూటికి డెబ్బై మంది తమ ఫోనుకు హాలిడే అన్నదే లేదన్నారు, ఒక్కరోజు కూడా, అంటే వాళ్ళు ఫోనును ప్రతిదినమూ ఎడతెగకుండా వాడగలుగుతున్నారు, అంటే వాళ్ళ శక్తి మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ, పది పైసలు వాళ్ళకొక లెక్క కాదు, శివప్రకాశం టై సర్దుకుని చిరునవ్వు నవ్వాడు, ఇక ధనికుల సంగతి చూస్తే హృదయం ద్రవిస్తుంది, వ్యాపారులు, నగల అంగళ్ళవారు తమ ఫోనుకు హాలిడేలు మితిమీరిపోయాయని, భరించలేకపోతున్నామని వాపోయారు, కాబట్టి రాయితీ ఎవరికైనా ఇవ్వాలంటే వీరికి ఇవ్వాలి, ఏమిటీ, గోమతి కుర్చీలో నిటారుగా కూర్చుంది, రాయితీ ఎవరికి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గోవిందన్‌కా, మూడు ఫోన్లు బల్ల మీద పెట్టుకుని నాలుగో దానిలో మాట్లాడుతూ తనను ఒక పూటంతా గుమ్మంలో నిలబెట్టిన గోవిందన్‌కా, ఆయన వాపోయింది నిజమే, తన టేపులోనే వాపోయాడు, కానీ ఆయన అన్నది అది కాదే, కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది, పూర్ణచంద్ర గారు అది కూడా చదివారు, కొందరు తమ ఫోనుకు నెలకు నూరు హాలిడేలని, నూట యాభై అని చెప్పారు, నెలలో అన్ని రోజులు లేవు గనుక అవి అవివేకుల జవాబులుగా ఎంచి తొలగించాము, కోట్లన్నీ గొల్లున నవ్వాయి, పెద్దాయన మాత్రం కళ్ళు తెరవలేదు, నూట యాభయ్యా, ఎవరు చెప్పారు నూట యాభై అని, టైలరు ఏసుదాస్ చెప్పాడు, నూట యాభై అవుతాది అక్కా అన్నాడు, అవుతాదంటే రూపాయలు, రోజులెలా అవుతాయి, ఆ మనిషి అవివేకి ఎలా అవుతాడు, బటన్ల లెక్క కూడా తప్పడు.

చివరగా ఒక అవ్వ మాట వినండి, పరదరామి దగ్గర పల్లె, చిన్న గుడిసె, ఆమె నోటి మాటలోనే చెబుతాను, నా ఫోనుకు హాలిడేనే లేదు నాయనా, ఎంత గొప్ప జవాబు, అని పూర్ణచంద్ర గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, ఆ అవ్వ పాపాతి, గోమతికి ఆమె గొంతు చెవిలో వినబడింది, బోసినోరు, తమలపాకు వాసన, ఆమె అన్నది హాలిడే కాదు, ఆ మాటే ఆమెకు తెలియదు, ఆమె అన్నది, సెలవే లేదు నాయనా, మోగిస్తాము, నిలిపేస్తాము, సెలవేమి ఉండాది, సెలవు, అయ్యో దేవుడా, సెలవు, గుడియాత్తంలో సెలవంటే ఖర్చు, పప్పుకు సెలవు, ఉప్పుకు సెలవు, పెళ్ళికి సెలవు, చావుకు సెలవు, పుట్టినప్పటినుంచి అదే మాట, తమిళం వాళ్ళు అనేదీ అదే, మరి పూర్ణచంద్ర గారి ఊళ్ళో, ఆఁ, పోయిన నెల జరిగింది కదా, సోమవారం లీవు కావాలి సార్ అని తను అడిగితే, లీవు అనకు తల్లీ, సెలవు అను, చక్కని తెలుగు మాట ఉండగా, సరే సోమవారం సెలవు ఇచ్చాను పో అన్నారు, సెలవు ఇచ్చానంటే బస్సు సెలవుకు, కాఫీ సెలవుకు డబ్బిస్తాడు కాబోలు, ఎంత ధర్మప్రభువు అని రెండు రోజులు ఆయన జేబు వైపే చూసింది, ఇప్పుడర్థమవుతోంది, ఆయన సెలవు వేరు, మన సెలవు వేరు, ఖర్చు జాస్తి అని ఏడ్చిన గోవిందన్ ఫోనుకు సెలవులిచ్చినవాడయ్యాడు, ఖర్చే లేదన్న పాపాతి రోజూ వాడే మహారాణి అయింది, నెలకు నూట యాభై ఖర్చన్న ఏసుదాస్ కేలండరు తెలియని అవివేకి అయ్యాడు.

నవ్వు తన్నుకొచ్చింది, పైట నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆగేలోగా ఇంకోటి గుర్తొచ్చింది, పూర్ణచంద్ర గారు ఒకసారి స్వయంగా కారు వేసుకుని పరదరామి వచ్చారు, పాపాతి గుడిసె ముందు మంచం మీద కూర్చుని, ప్రశ్నలన్నీ అయ్యాక లేచి రెండు చేతులూ జోడించి, అవ్వా, ఇక సెలవు అన్నారు, అవ్వ మొహం మాడిపోయింది, కొంగు ముడి గట్టిగా పట్టుకుని, సెలవా, ఏంటికి సెలవు నాయనా, నువ్వు అడిగినావు, నేను చెప్పినా, దానికి సెలవేంది, అంది, ఆయన కరిగిపోయారు, చూశావా గోమతీ, సెలవేమిటి అప్పుడే అంటోంది, ఎంత ఆప్యాయత, మా వైపు మాయమైపోయిన మమకారం ఇక్కడ సరిహద్దులో మిగిలి ఉంది అని మళ్ళీ కూర్చున్నారు, కూర్చునే కొద్దీ సెలవు ఎక్కువవుతుందేమోనని అవ్వ వణికిపోయింది, ఆయన లేచినప్పుడల్లా ఇక సెలవు అనడం, ఆమె డబ్బడిగాడనుకుని నా తావ దుడ్డు లేదు అని గొణగడం, ఆ గొణుగుడు ఆయన చెవిన పడకపోవడం, గోమతి మాత్రం ఆ రోజు ఏమనుకుంది, ముసల్దానికి చాదస్తం అనుకుంది, సార్ ఊరికే మర్యాదకు ఏదో అంటున్నారనుకుంది, రెండు మాటల మధ్య నిలబడి రెంటినీ వినలేదు.

నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే శివప్రకాశం లేచి చప్పట్లు కొడుతున్నాడు, మండలి పక్కనున్న గుమాస్తా చకచకా రాసుకుంటున్నాడు, పాపాతి మోయగలదు, పాపాతికి ఒక లెక్క కాదు, మోగితే పది పైసలు, చెప్పాలి, ఇప్పుడే లేచి చెప్పాలి, చెప్పి ఏమవుతావే గోమతీ, ఇంతమంది కోట్ల ముందు ఆయన పరువు తీసి ఏం బావుకుంటావు, ఆయన చెడ్డవాడు కాదు, తెలుగు మీద ప్రేమ, తన తెలుగు మీద ఇంకాస్త ప్రేమ, అంతే, అత్తకు చీర కూడా పంపించాడు, మొదట్లోనే తను అడిగింది కదా, సార్, మా వైపు మాటలు కొంచెం వేరేగా ఉంటాయి, కేసెట్లు నేను పక్కన కూర్చుని చెప్తా ఉంటే రాసుకుంటారా అని, ఆయన పకపకా నవ్వి, తెలుగుకు తెలుగు అనువాదమా తల్లీ, రాజమండ్రిలో పుట్టినవాణ్ణి నేను, అన్నారు, సరే, ఆయన తప్పు అక్కడుంది, మరి నీది, హైదరాబాదులో రాసిన కాగితాలు నీకు పంపించారా లేదా, చదివి సరిచూసి సంతకం పెట్టమన్నారా లేదా, గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు, కట్ట కట్ట కాగితాలు, నీకు తెలుగు చదవడం వచ్చా, రాదు, గుడియాత్తంలో ఎవరికొచ్చు, బడిలో నేర్పింది తమిళం, తెలుగు నోట్లోనే ఉంటుంది, కంటికి కనబడదు, ఆ మాట ఆయనకు చెబితే తెలుగు రాని తెలుగమ్మాయి మాకెందుకు అంటారని ప్రతి కాగితం కిందా గోమతి అని చక్కగా తమిళంలో సంతకం పెట్టి పంపించింది, ఇప్పుడు లేస్తే ముందు తేలేది ఆ సంతకమే, ఉద్యోగం గోవిందా, నందకుమార్ మళ్ళీ నాట్రంపల్లి బస్సు, అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే, ఊరుకున్నంత ఉత్తమం లేదు, కూర్చో, బిరియానీ తిను, ఇంటికి పో, పది పైసలేగా, ఏం, పది పైసలు నీకు లెక్కా, నాకు కాదు, పాపాతికి, పాపాతికి నువ్వేమవుతావు, ఏమీ కాను, టేపు నొక్కి ఆమె మాట పట్టుకుపోయినదాన్ని.

సరిగ్గా అప్పుడు ఆమె సంచిలో ఫోను మోగింది, ఊరంతా వినబడే మోత, నందకుమార్ సైట్లో మిక్సరు రొదలో కూడా వినపడాలని పెట్టిన మోత, ఆ పాత ఫోను తనకిచ్చేటప్పుడు తగ్గించలేదు, ఒక్కసారి మోగి ఆగింది, కోట్లన్నీ వెనక్కి తిరిగాయి, పూర్ణచంద్ర గారి ఎర్ర చుక్క తెర వదిలి గోడ మీదికి పోయింది, మండలి పెద్దాయన కళ్ళు తెరిచాడు, అంటే నిద్ర కాదన్నమాట, తమిళంలో అడిగాడు, ఎవరమ్మా అది, పరవాలేదు, ఎత్తి మాట్లాడు, గోమతి లేచి నిలబడింది, కంగారులో నోటికొచ్చింది ఇంట్లో రోజూ వినే మాట, ఎత్తకూడదు సార్, ఎత్తితే సెలవు, పెద్దాయన ఫక్కున నవ్వాడు, తమిళాయన కదా, ఆ మాట ఆయనకు బోధపడింది, పూర్ణచంద్ర గారికి బోధపడలేదు, ఎత్తితే సెలవేమిటమ్మా, అని ఒక్క క్షణం నుదురు ముడిచి, వెంటనే విప్పారిన మొహంతో సభకు ఇంగ్లీషులో వివరించారు, మా అమ్మాయి ఎంత క్రమశిక్షణ గలదో చూడండి, పనివేళ ఫోను ఎత్తితే మేము ఆ రోజుకు హాలిడే కింద కోత వేస్తామని భయపడుతోంది, అంతా మెచ్చుకుంటూ నవ్వారు, కూర్చోవచ్చు తల్లీ అన్నారు ఆయన, కూర్చోవచ్చు, దేవుడే కుర్చీ వేసి కూర్చోమన్నట్టు ఉంది, ఎవరి పరువూ పోలేదు, ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంది, గోమతి సగం కూర్చుంది, మోకాళ్ళు వంగాయి, చెయ్యి కుర్చీని తాకింది, అదేం మాయో మిగతా సగం కూర్చోలేకపోయింది, మళ్ళీ లేచి, సార్, సెలవంటే హాలిడే కాదు సార్, అంది.

ఆ తరువాత ఏ మాట ముందు చెప్పిందో ఏది వెనక చెప్పిందో ఆమెకు తెలియదు, సగం తమిళం సగం తెలుగు, ఇంట్లో మాట్లాడినట్టే పోయింది, మా పక్క సెలవంటే ఖర్చు సార్, సెలవు లేదంటే దుడ్డు లేదని, వాడతా ఉండామని కాదు, గోవిందన్ సార్‌కు ఖర్చు జాస్తి, పాపాతవ్వకు ఖర్చే లేదు, ఆయమ్మ ఒక కాల్ కూడా దుడ్డు పెట్టి మాట్లాడలేదు, మీరు తిప్పి రాసినారు, ఆ కాగితాలు నాకు పంపినారు, నాకు తెలుగు చదవను రాదు సార్, చూడకుండానే సంతకం పెట్టినా, పూర్ణచంద్ర గారు తెరను చూశారు, ఆమెను చూశారు, మళ్ళీ తెరను చూశారు, పెదాలు మాత్రం కదిలాయి, ఇక సెలవు, ఇక సెలవు అని తనలో తాను అనుకుంటున్నారు, పాపాతి మంచం గుర్తొచ్చినట్టుంది, మమకారం, ఆప్యాయత, అన్నీ ఒక్కొక్కటిగా ఆ మొహంలోంచి దిగిపోవడం గోమతికి కనిపించింది, పాపం అనిపించింది, ముందు వరసలో ఎవరో దగ్గారు, పెద్దాయన బల్ల మీద వేలితో కొట్టి నిశ్శబ్దం అన్నాడు, కానీ శివప్రకాశం అప్పటికే లేచాడు, అయితే మరీ మంచిది సార్, ఈవిడే ఒప్పుకుంది, వీళ్ళు ఒక్క పైసా ఖర్చు పెట్టరు, కట్టింది మా టవరు, కరెంటు మాది, మోగించేది మాత్రం వీళ్ళు, ముఖ్యమైన కబురైతే పది పైసలు ఇవ్వడానికి ఏం నొప్పి, ముఖ్యం కాకపోతే మోగించడమెందుకు, మాట సూటిగా ఉంది, వాడి టైలాగే ముడి బిగిసి ఉంది, పెద్దాయన గోమతి వైపు తిరిగాడు, ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు, ఇప్పుడు మోగించింది ఎవరమ్మా, మా అత్త సార్, ఒకసారి మోగితే ఏమని లెక్క, కొళాయిలో నీళ్ళొచ్చినాయని సార్, వచ్చి బిందెలు పట్టమని, చూశారా, అన్నాడు శివప్రకాశం, పనికొచ్చే కబురే కదా, నీళ్ళకు పది పైసలు ఇవ్వనివాళ్ళుంటారా.

అవును అనబోయింది, నోరు తెరిచింది కూడా, నీళ్ళు, ఏం నీళ్ళు, గుడియాత్తంలో ఇప్పుడు నీళ్ళెక్కడివి, ఎండలు ముదిరినప్పటినుంచి కొళాయి బుస కొట్టడమే తప్ప చుక్క రాల్చింది లేదు, వీధికి లారీ వస్తుంది, అదీ తెల్లవారుజామున, తను వేలూరు బస్సు ఎక్కకముందే బిందెలన్నీ నింపి వస్తోంది, మరి మధ్యాహ్నం నీళ్ళేమిటి, నిన్న కూడా మోగింది, మొన్న కూడా మోగింది, వేలూరు ఆఫీసుకు వచ్చి కూర్చున్న ప్రతిరోజూ ఇదే వేళకు ఒక్కసారి మోగి ఆగుతోంది, తనేమో, ముసల్దానికి పొద్దుపోక నన్ను సాధిస్తోంది, గుడియాత్తం నుంచి తరుముతోంది అని పక్క సీటు ఆరోకియమేరితో చెప్పుకుని నవ్వింది, నీళ్ళు వచ్చాయా అని ఇంటికి పోయాక ఒక్కనాడూ అడగలేదు, ఆమె చెప్పలేదు, ఒకవేళ కళ్ళు కనిపించక తప్పు మీట నొక్కుతోందా, అంబుజమా తప్పు నొక్కేది, అవతలివాళ్ళు ఎత్తేలోపల ఆపేసే విద్యలో ఆమెను మించినవాళ్ళు గుడియాత్తంలో లేరు, మరి ఎందుకు, కొడుకు నాట్రంపల్లిలో ఇనుప కమ్మీల మధ్య, కోడలు వేలూరులో కుర్చీలో, పొద్దున గడప దాటాక ఆ ఇంట్లో మాటాడే మనిషి లేదు, మాట్లాడదామంటే సెలవు, ఆమెకు సెలవంటే చచ్చేంత భయం, ఇరవైయేళ్ళకే మొగుడు పోతే ఇటుకలు మోసి కొడుకును పెంచిన మనిషికి ఆ భయం ఉండదా, అందుకని ఒక్కసారి మోగిస్తుంది, అవతల మోగుతున్న చప్పుడు తన చెవిలో వింటుంది, మోగిందంటే ఉంది, ఉంది కదా, చాలు, ఆపేస్తుంది.

ఏమమ్మా ఆగినావు, అన్నాడు పెద్దాయన, నీళ్ళు రాలేదు సార్, అంది గోమతి, మాకు నీళ్ళొచ్చి నెల పైనే అవుతా ఉండాది, మరెందుకు మోగించింది, నేను ఉండానా అని సార్, అంతే, దాంట్లో వేరే కబురేమీ లేదు, దానికి దుడ్డు అడిగితే ఆయమ్మ ఇంక మోగించదు, దుడ్డు ఇమ్మని నన్ను అడగదు కూడా, ఊరకనే కూర్చోనుంటుంది, శివప్రకాశం ఏదో అనబోయి పెద్దాయన మొహం చూసి కూర్చున్నాడు, పెద్దాయన గుమాస్తాతో, ఇందాక రాసింది కొట్టెయ్, ఈ లెక్కలన్నీ మొదటినుంచి చెయ్యమని రాయి, అప్పటిదాకా ఆ పది పైసల మాట ఎత్తవద్దు అన్నాడు, పూర్ణచంద్ర గారు ప్రొజెక్టరు ఆపేశారు, ఆమె వైపు చూడకుండా కాగితాలు సర్దుకుంటున్నారు, సర్దినవే మళ్ళీ సర్దుకుంటున్నారు, ఆయన ఇవాళ కాకపోతే రేపు పిలిచి, అమ్మా, నీకు శాశ్వతంగా సెలవు అంటారు, ఈసారి ఏ సెలవో ఎవరూ వివరించనక్కర్లేదు, అననీ, నందకుమార్‌కు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, ఇంకో చోట ఇంకో పని చూసుకోవచ్చు, గోమతి సంచిలో చెయ్యి పెట్టి ఫోనును తడిమింది, ఇంకా వేడిగానే ఉన్నట్టుంది, ఆమెకు బెంగంతా ఒక్క దాని మీదకే వచ్చి నిలిచింది, ఉద్యోగం పోయి తను పగలంతా ఇంట్లోనే కూర్చుంటే, మధ్యాహ్నంపూట ఆ మనిషి ఎవరికి మోగిస్తుంది.